కొండవాగు రాళ్ల కింద కొత్త పేర్లు

తమిళనాడులో దొరికిన ఒక చిన్న పురుగుకు 2007లో నియోపెర్లా బైసీరియేటా అని పేరు పెట్టారు. జర్మనీ కీటక శాస్త్రవేత్త పీటర్ జ్విక్, తమిళనాడుకు చెందిన అన్బళగన్, దినకరన్ కలిసి దాని వివరణ రాశారు. ఇది స్టోన్‌ఫ్లై జాతి. చైనా, వియత్నాం, భారత్, ఇండోనేసియా కొండల నుంచి ఇలాంటి కొత్త స్టోన్‌ఫ్లైలకు ఇప్పటికీ పేర్లు పడుతూనే ఉన్నాయి. 2008లో వేసిన ఒక లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద అప్పటికి పేరున్న స్టోన్‌ఫ్లై జాతులు 3,497. ఆ తర్వాత చేరిన వాటిలో ఆసియా వాటా చాలా పెద్దది.

పులిని లెక్కపెడితే పత్రికల్లో మొదటి పేజీలో వస్తుంది. వాగు రాయి కింద బతికే పురుగుకు పేరు పెడితే ఎక్కడా రాదు. కానీ ఆ పేరు వెనక ఉన్న పని, ఆ పురుగు బతికే తీరు తెలిస్తే ఎవరైనా ఆగి చూస్తారని నా నమ్మకం.

రెండు తోకలు, రెండు గోళ్లు

స్టోన్‌ఫ్లై జీవితంలో ఎక్కువ భాగం నీళ్లలోనే గడుస్తుంది. గుడ్డు లోంచి వచ్చిన పిల్లపురుగు వాగు అడుగున, రాళ్ల సందుల్లో, కుళ్లిన ఆకుల మధ్య పెరుగుతుంది. జాతిని బట్టి కొన్ని నెలల నుంచి మూడు నాలుగేళ్ల దాకా ఈ దశ సాగుతుంది. ఈ లోగా ఎన్నోసార్లు కుబుసం విడుస్తుంది. చివరికి ఒక రాత్రి ఒడ్డున ఉన్న బండ మీదికో చెట్టు మొదలు మీదికో పాకి, ఆఖరి కుబుసం విడిచి, రెక్కలతో బయటికి వస్తుంది. రెక్కలు వచ్చాక దాని ఆయుష్షు కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. పెర్లిడే కుటుంబంలోని పెద్ద పురుగులు ఆ కొద్ది రోజుల్లో దాదాపు ఏమీ తినవు. జత కట్టడం, గుడ్లు పెట్టడం, అంతే.

వాగులో రాయి తిప్పి చూస్తే కనిపించే పిల్లపురుగు స్టోన్‌ఫ్లైదో కాదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. పొట్ట చివర రెండు తోకలుంటాయి. అదే వాగులో బతికే మేఫ్లై పిల్లకు సాధారణంగా మూడుంటాయి. మేఫ్లైలలోనూ రెండు తోకలవి కొన్ని ఉన్నాయి కాబట్టి కాళ్ల చివర కూడా చూడాలి. స్టోన్‌ఫ్లై కాలికి రెండు గోళ్లు, మేఫ్లై పిల్ల కాలికి ఒకటే గోరు. మొప్పలు ఉన్న చోటు మరో గుర్తు. మేఫ్లైకి పొట్ట రెండు పక్కలా వరసగా ఉంటాయి, పెర్లిడే స్టోన్‌ఫ్లైలకు రొమ్ము కింద, కాళ్ల మొదళ్ల దగ్గర కుచ్చులుగా ఉంటాయి. చూడటం అయ్యాక రాయిని ఉన్నది ఉన్నట్టే బోర్లించి పెట్టాలి. దాని కింద ఇంకా చాలా ప్రాణులు కాపురముంటాయి.

ఊపిరాడకపోతే ఏం చేస్తుంది?

నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే స్టోన్‌ఫ్లై పిల్ల కాళ్లు రాయి మీద ఆనించి ఒళ్లంతా పైకీ కిందికీ ఊపడం మొదలుపెడుతుంది. అలా ఊగితే మొప్పల చుట్టూ నీళ్లు కదులుతాయి, కాస్త కొత్త నీరు తగులుతుంది. వాగులో ఉన్న పిల్లను సీసాలో వేసి నిలవ నీళ్లలో కాసేపు ఉంచితే ఈ ఊపు కనిపిస్తుంది. కనిపించిందంటే దాన్ని వెంటనే వాగులో వదిలేయాలన్నమాట.

రక్తంలోనూ వీటికో ప్రత్యేకత ఉంది. కీటకాలకు ఆక్సిజన్ మోసే రక్తం అక్కర్లేదని, గాలిగొట్టాల ద్వారానే ప్రతి కణానికీ ఊపిరి అందుతుందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 2004లో జర్మనీ పరిశోధకులు యూరప్ స్టోన్‌ఫ్లై పెర్లా మార్జినేటా రక్తంలో హీమోసయనిన్ పనిచేస్తోందని చూపించారు. పీతలు, రొయ్యల రక్తంలో ఇనుముకు బదులు రాగితో ఆక్సిజన్ మోసే పదార్థం ఇదే. ఎంతో పాత కాలపు ఏర్పాటును స్టోన్‌ఫ్లై ఇంకా విడిచిపెట్టలేదు.

పొట్టతో దరువు

ఉత్తరార్ధగోళపు స్టోన్‌ఫ్లైలు చాలావరకు దరువు వేసి జతను వెతుక్కుంటాయి. మగ పురుగు ఎండుకొమ్మ మీదో ఆకు మీదో నిలబడి పొట్ట చివరిని దానికేసి కొడుతుంది. ఆ అదురు కొమ్మలో పాకుతుంది. జత కట్టని ఆడ పురుగు దాన్ని కాళ్లతో పసిగట్టి తిరుగు దరువు వేస్తుంది. మగది కాస్త కదిలి మళ్లీ కొడుతుంది, ఆడది మళ్లీ బదులిస్తుంది. ఇలా ఒకదాన్నొకటి చేరుకుంటాయి. ఏ జాతి లయ ఆ జాతిదే. ఎన్ని దెబ్బలు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత విరామం అన్నది జాతి జాతికీ మారుతుంది. చూపుకు ఒకేలా ఉన్న రెండు జాతులను దరువు రికార్డు చేసి వేరు చేసిన సందర్భాలున్నాయి. దక్షిణార్ధగోళానికే పరిమితమైన పాత వంశం స్టోన్‌ఫ్లైలలో మాత్రం ఈ దరువు అలవాటు లేదు.

కొత్త జాతి ఎక్కడ దొరుకుతుంది?

వాగులో దొరుకుతుందని అందరూ అనుకుంటారు. వాగులో పురుగు దొరుకుతుంది, కానీ అది కొత్తదన్న సంగతి తేలేది బల్ల దగ్గర, మైక్రోస్కోపు కింద. నియోపెర్లా ప్రజాతి దీనికి మంచి ఉదాహరణ. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ నీడమ్ 1905లో ఈ ప్రజాతిని ఏర్పరిచారు. ఇందులో రెండు వందలకు పైగా జాతులున్నాయి, వాటిలో అత్యధికం ఆసియావే. తల మీద చిన్న కళ్లు సాధారణంగా మూడుండాల్సిన పెర్లిడే కుటుంబంలో వీటికి రెండే ఉంటాయి కాబట్టి ప్రజాతిని పోల్చుకోవడం తేలిక. చిక్కంతా ఆ తర్వాతే. లేత గోధుమరంగు ఒళ్లు, పారదర్శకమైన రెక్కలు, కాస్త ముదురు తల. పది జాతులను పక్కపక్కన పెడితే పైచూపుకు పదీ ఒకటే.

అందుకని మగ పురుగు పొట్ట చివరిని చూస్తారు. ఏడో ఖండం వీపు మీద చిన్న పొడుపు, ఎనిమిదో ఖండం మీద మరొకటి, పదో ఖండం రెండు సగాల నుంచి ముందుకు వంగిన కొక్కేలు. వీటి ఆకారం, పొడవు, మీద ఉన్న సన్నటి ముళ్లు కొలుస్తారు. ఇది కూడా చాలదు. అసలు తేడా మగ పురుగు జననాంగంలో, దాని లోపల ముడుచుకుని ఉండే సంచిలో ఉంటుంది. పొట్ట చివరి ఖండాలను కోసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి మెత్తటి కండరాలను కరిగిస్తారు. తర్వాత సన్నటి చిమటాలతో ఆ సంచిని, చొక్కా చేయిని లోపలి నుంచి బయటికి తిరగేసినట్టు, చిరగకుండా బయటికి లాగుతారు. అప్పుడు సంచి మీద ముళ్ల వరసలు, పొలుసులు, వంపులు కనిపిస్తాయి. ఒక జాతిని మరో జాతి నుంచి వేరు చేసే గీత అక్కడుంటుంది. ఎండిన పాత నమూనా అయితే ఈ పనికి గంటలు పట్టవచ్చు. ఒక్కసారి చిరిగితే మళ్లీ అతికించడం ఉండదు.

పాత వివరణల్లో చాలావాటిలో ఈ అంతరాంగం బొమ్మ లేదు. రెక్కల రంగు, తల మీది మచ్చ మాత్రమే రాశారు. అందువల్ల కొత్తదాన్ని వివరించాలనుకునే పరిశోధకుడు ముందు నూరేళ్ల నాటి నమూనా ఏ దేశపు మ్యూజియంలో ఉందో వెతికి, దాన్ని తెప్పించుకునో అక్కడికి వెళ్లో, దాని సంచిని కూడా బయటికి తీసి చూడాలి. అది చూడకుండా కొత్తదని పేరు పెడితే, పాతదానికే రెండో పేరు పెట్టినట్టవుతుంది. కొత్త జాతి వివరణ నాలుగైదు పేజీల్లో అయిపోయినట్టు కనిపిస్తుంది. ఆ నాలుగైదు పేజీల వెనక ఉన్న ఈ వెతుకులాటే నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది.

ఆడ పురుగును గుర్తించాలంటే గుడ్డు చూడాలి. గుడ్డు పొడవు మిల్లీమీటరులో మూడో వంతుకు అటూ ఇటూ. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే దాని పెంకు మీద గీతలు, గుంటలు, అంచున మెడ లాంటి కట్టు, రాయికి అంటుకునే పట్టు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ చెక్కడం ఏ జాతికి ఆ జాతిదే. అందుకే జపాన్, స్లొవేనియా, అమెరికా పరిశోధకులు ఎందరో ఆసియా స్టోన్‌ఫ్లైల గుడ్లకు బొమ్మలు తీస్తూ ఏళ్లు గడిపారు.

పేరు పెట్టడానికీ చట్టం ఉంది

జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది. శాస్త్రవేత్త లినేయస్ పుస్తకం సిస్టమా నాటురే పదో కూర్పు వెలువడిన 1758 నుంచి దాని లెక్క మొదలవుతుంది. అందులోనే లినేయస్ కొన్ని స్టోన్‌ఫ్లైలకు పేర్లు పెట్టాడు, అయితే వాటిని కాడిస్‌ఫ్లైలు అనే వేరే నీటి పురుగుల ప్రజాతిలో కలిపేశాడు. నేటి టీనియోప్టెరిక్స్ నెబ్యులోసా అప్పటి ఆ జాబితాలోదే.

2000 నుంచి అమల్లో ఉన్న నాలుగో కూర్పు ప్రకారం కొత్త జాతికి పేరు పెట్టేవారు ఏ నమూనాను ఆధారంగా తీసుకున్నారో చెప్పి తీరాలి. ఆ ఒక్క నమూనాను హోలోటైప్ అంటారు. దానికి చాలా మ్యూజియాల్లో ఎర్ర చీటీ కడతారు. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా తీర్పు ఆ నమూనాదే. పేరు రోమన్ లిపిలో ఉండాలి గానీ, వివరణ ఫలానా భాషలోనే రాయాలన్న నిబంధన లేదు. విస్తృతంగా తెలిసిన భాషలో రాస్తే మేలని సలహా మాత్రం ఇస్తుంది. అంటే తెలుగులో రాసిన వివరణ కూడా నియమాల ప్రకారం చెల్లుతుంది. 2012 నుంచి ఆన్‌లైన్‌లో మాత్రమే వెలువడే పత్రికల్లో వచ్చిన పేర్లనూ, జూబ్యాంక్ అనే జాబితాలో నమోదై ఉంటే, ఒప్పుకుంటున్నారు.

21 ఏళ్లు

ఒక నమూనాను సేకరించిన రోజు నుంచి దానికి పేరు పడే రోజు దాకా సగటున పట్టే కాలం ఇది. 2012లో ఫ్రాన్స్ పరిశోధకులు అన్ని రకాల ప్రాణుల కొత్త వివరణలను పరిశీలించి ఈ సంఖ్య చెప్పారు. సీసాలో ఆల్కహాలులో మునిగిన పురుగు 21 ఏళ్లు ఆగగలదు. అది పుట్టిన వాగు ఆగుతుందా అన్నదే భయం. ఆ ఏళ్లలో పైన క్వారీ రావచ్చు, కింద ఆనకట్ట రావచ్చు, చుట్టూ చెట్లు పోయి నీళ్లు వేడెక్కవచ్చు. పేరు పడే నాటికే ఆ పురుగు లేకుండా పోయే ప్రమాదం ఉంది.

కార్నెల్‌కు వెళ్లిన షాంఘై కుర్రవాడు

చైనా స్టోన్‌ఫ్లైల పరిశోధనకు పునాది వేసినవారు ఊ చెన్‌ఫూ. 1896లో పుట్టారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, నియోపెర్లాకు పేరు పెట్టిన నీడమ్ దగ్గరే చదువుకున్నారు. ఆయన పరిశోధనకు ఎంచుకున్నది నెమౌరా అనే స్టోన్‌ఫ్లై. విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న చిన్న వాగుల్లో తిరిగి, ఆ పురుగు లోపలి నిర్మాణం, అలవాట్లు అన్నీ రాశారు. ఆ పనిలో భాగంగా 1923లో ఒక అమెరికా స్టోన్‌ఫ్లైకి పేరు కూడా పెట్టారు. అది నేడు సొయెడీనా వాలిక్యులేరియాగా చలామణి అవుతోంది, దాని పక్కన ఊ పేరు అలాగే ఉంది. ఆసియా ప్రాణులకు పాశ్చాత్యులు పేర్లు పెడుతున్న కాలంలో, ఒక చైనా విద్యార్థి అమెరికా పురుగుకు పేరు పెట్టి వచ్చాడు.

స్వదేశం తిరిగివచ్చి యెన్‌చింగ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. చైనా కీటకాలన్నిటికీ ఆరు సంపుటాల పట్టిక తయారుచేశారు. 1938లో చైనా స్టోన్‌ఫ్లైల మీద పూర్తి గ్రంథం వెలువరించారు. దేశం మీద యుద్ధం విరుచుకుపడిన కాలమది. ఈనాటికీ చైనాలో కొత్త స్టోన్‌ఫ్లైకి పేరు పెట్టాలనుకునేవారు మొదట తెరిచేది ఆ పుస్తకాన్నే. స్టైలోపెర్లా ప్రజాతికి 1935లో పేరు పెట్టింది కూడా ఊ చెన్‌ఫూయే. దాని కుటుంబం ఆసియాలో తప్ప ఎక్కడా లేదు.

కోల్‌కతా అల్మారా

నీడమ్‌కు భారతదేశంతోనూ సంబంధం ఉంది. కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో ఉన్న స్టోన్‌ఫ్లైలు, తూనీగలు, ఇతర జల్లెడ రెక్కల కీటకాలను పరిశీలించి 1909లో ఆ మ్యూజియం పత్రికలోనే వ్యాసం రాశారు. క్రిప్టోపెర్లా అనే ప్రజాతి అందులో పుట్టింది. ఈ ప్రజాతి పిల్లపురుగు చదునుగా, వెడల్పుగా, చూడగానే బొద్దింక అనిపించేలా ఉంటుంది. నియోపెర్లాలు ఇతర పురుగులను వేటాడి తింటే, ఇవి వాగులో రాలిన ఆకులను కొరికి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల మీద ఆధారపడే చిన్న ప్రాణులు దిగువన ఎన్నో.

హిమాలయాల సంగతి వస్తే ఎం.ఎస్. మణిని తలుచుకోవాలి. ఆగ్రా సెయింట్ జాన్స్ కళాశాల నుంచి 1950లలో విద్యార్థులతో వాయవ్య హిమాలయాలకు కీటక యాత్రలు చేశారు. మంచు గట్ల మీద, హిమానీనదాల అంచుల్లో పురుగులు ఏరారు. ఏరిన స్టోన్‌ఫ్లైలను అమెరికాలోని ఒరెగాన్‌కు పంపితే, అక్కడ స్టాన్లీ జీవెట్ వాటిని పరిశీలించి 1958లో వివరణలు అచ్చువేశారు. ఎత్తయిన చోట్ల కీటకాలు ఎలా బతుకుతాయో చెబుతూ మణి రాసిన పుస్తకాలు ప్రపంచమంతా చదివింది.

గుడారంలో చిక్కిన ఆలోచన

స్వీడన్ శాస్త్రవేత్త రెనే మలేజ్ తన యాత్రల్లో ఒకటి గమనించారు. గుడారంలోకి దూరిన పురుగులు పై మూలకు చేరి, అక్కడ రంధ్రం ఉంటే దాని గుండా వెళ్లిపోతున్నాయి. ఆ మూలలో ఒక సీసా పెడితే ఏమవుతుంది? 1934లో బర్మా యాత్రకు వెళ్లినప్పుడు రంగూన్‌లో గుడ్డ వలలు కుట్టించి, ఉత్తర బర్మా కొండల్లో కట్టి చూశారు. విపరీతంగా పురుగులు పడ్డాయి. 1937లో ఆ సంగతి రాశారు. నేడు మలేజ్ వల లేని కీటక సర్వే అరుదు. వాగుకు అడ్డంగా కడితే నీళ్ల మీదుగా ఎగిరే స్టోన్‌ఫ్లైలు దానిలో పడతాయి. రాత్రిళ్లు తెల్లటి బట్ట కట్టి, దాని ముందు అతినీల కాంతి దీపం వెలిగించడం మరో పద్ధతి. ఉష్ణదేశపు పెర్లిడేలు ఆ వెలుగుకు బాగా వస్తాయి.

రాక్ బ్యాండు, పదికోట్ల ఏళ్ల నాటి పురుగు

అదే ఉత్తర బర్మాలో కాచిన్ గనుల నుంచి వచ్చే ఆంబర్‌లో దాదాపు 9.9 కోట్ల ఏళ్ల నాటి స్టోన్‌ఫ్లైలు ఉన్నాయి. చెట్టు జిగురులో చిక్కుకుని, మీసాల కణుపులు, కాళ్ల గోళ్లు కూడా లెక్కపెట్టగలిగేంత చక్కగా నిలిచిపోయాయి. 2018లో యూరప్, అమెరికా పరిశోధకులు వాటిలో కొన్నిటికి రోలింగ్ స్టోన్స్ బృందం సభ్యుల పేర్లు పెట్టారు. మిక్ జాగర్ పేరుతో పెట్రోపెర్లా మిక్‌జాగరీ, కీత్ రిచర్డ్స్ పేరుతో లాపిస్‌పెర్లా కీత్‌రిచర్డ్సీ, చార్లీ వాట్స్ పేరుతో మరొకటి. పేర్లు సరదాగా ఉన్నా పని గంభీరమైనది. ఈ శిలాజాల వల్ల పెర్లిడే వంశం అప్పటికే ఆసియా వాగుల్లో బాగా పాతుకుపోయిందని తెలిసింది. అయితే ఆ ఆంబర్ గనుల చుట్టూ సాయుధ పోరాటం సాగుతోంది. ఆ రాళ్ల మీద వచ్చే డబ్బు ఎవరికి చేరుతోందో చూడకుండా కొనవద్దని శాస్త్రవేత్తల్లోనే చాలామంది కోరుతున్నారు. ఆ మాటలో న్యాయముంది.

స్టోన్‌ఫ్లైల పూర్వీకుల వరసలో అన్నిటికన్నా పాతదానికీ చిరునామా ఆసియాలోనే. చైనాలోని నింగ్‌షియా ప్రాంతంలో 30 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లలో దొరికింది. 2011లో దానికి గూలౌ కార్పెంటెరీ అని పేరు పెట్టారు. డైనోసార్లు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందు సంగతి అది.

రెక్కలు వద్దనుకున్నవి

ఎగరడం మానేసిన స్టోన్‌ఫ్లైలు ఆసియాలో చాలాచోట్ల ఉన్నాయి. స్కోప్యురా అనే ప్రజాతికి రెక్కలే లేవు. ప్రపంచంలో జపాన్, కొరియాల్లో తప్ప ఎక్కడా లేదు, పైగా ఆ కుటుంబంలో ప్రజాతి ఇదొక్కటే. పిల్లపురుగు మొప్పలు పొట్ట చివర కుచ్చుగా ఉంటాయి. 1929లో మసుజో ఉయెనో జపాన్ నుంచి మొదటి జాతిని వివరించారు. 2005లో కొరియా కొండల నుంచి మరికొన్ని కొత్త జాతులు వచ్చాయి. వాటిలో ఒకదానికి జిరి కొండ పేరే పెట్టారు. ఎగరలేని పురుగు ఒక కొండ వాగు నుంచి పక్క కొండ వాగుకు చేరడం దాదాపు అసాధ్యం. ఒక్కో కొండకు ఒక్కో జాతి ఏర్పడటానికి అదే కారణం. ఒక కొండ పాడైతే ఒక జాతి పోయినట్టే కావడానికీ అదే కారణం.

సైబీరియాలోని బైకాల్ సరస్సులో బైకలోపెర్లా ఉంది. ప్రపంచంలోకెల్లా లోతైన ఆ సరస్సు ఒడ్డున తప్ప ఇంకెక్కడా దొరకదు. దానికీ ఎగిరే రెక్కలు లేవు.

జపాన్‌లోనే మంచు మీద నడిచే నల్లటి స్టోన్‌ఫ్లై ఒకటి ఉంది, పేరు ఇయోకాప్నియా నివాలిస్. ఇది నడిచే దారిని పరిశోధకులు ఓపికగా వెంటాడారు. చలికాలంలో నీళ్లలోంచి వచ్చి, మంచు మీద ఎగువకే నడుస్తుంది. పిల్లపురుగులుగా ఉన్నప్పుడు ప్రవాహం వాటిని దిగువకు తోసుకుపోయి ఉంటుంది. పెద్దయ్యాక పైకి నడవకపోతే తరతరానికీ కొండ దిగిపోతూ వాగు మొదలును పోగొట్టుకుంటాయి. దారి తప్పకుండా ఉండటానికి సూర్యుణ్ని, మంచు వాలును గుర్తుగా పెట్టుకుంటుందని తేల్చారు. సెంటీమీటరు పొడవున్న పురుగు లోపల దిక్సూచి, వాలుకొలత రెండూ ఉన్నాయన్నమాట!

నాగానో ప్రాంతపు కూర

జపాన్ నాగానో రాష్ట్రంలోని ఇనా లోయలో తెన్ర్యూ నది పారుతుంది. అక్కడ చలికాలంలో నది రాళ్లు తిప్పి నీటి పురుగులను పట్టి, సోయా సాస్, చక్కెరతో ఇగురు చేసి తింటారు. జజముషి అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే, అదీ అనుమతి ఉన్నవారే పట్టాలి. మొదట్లో ఇందులో ఎక్కువగా స్టోన్‌ఫ్లై పిల్లలుండేవి. ఇప్పుడు కాడిస్‌ఫ్లై పిల్లలదే పెద్ద భాగం. పేరు మారలేదు, నది మారింది, గిన్నెలోని పురుగు మారింది.

వాగుకు మార్కులు

స్టోన్‌ఫ్లైలు ఉన్న నీళ్లు చల్లగా, శుభ్రంగా, ఆక్సిజన్ నిండుగా ఉంటాయి. మురుగు కలిసిన మరుక్షణం ముందుగా పోయేవి ఇవే. అందుకే బ్రిటన్‌లో 1970ల చివర నదుల ఆరోగ్యానికి మార్కుల పద్ధతి తయారుచేసినప్పుడు, ఏ కుటుంబం పురుగు దొరికితే ఎన్ని మార్కులో పట్టిక వేశారు. పెర్లిడే లాంటి స్టోన్‌ఫ్లై కుటుంబాలకు పదికి పది. మురుగులోనూ బతికే ఎర్ర పురుగులకు రెండు, వానపాముల చుట్టాలకు ఒకటి. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జీవ ఆధారిత నీటి నాణ్యత ప్రమాణాల్లోనూ ఇదే ఆలోచన ఉంది. ఆ మార్కులతో నీళ్లను ఎ నుంచి ఇ దాకా తరగతులుగా విడదీస్తారు. నేపాల్‌లో 1990లలో సుబోధ్ శర్మ హిమాలయ నదుల కోసం వేరే పట్టికే తయారుచేశారు. యూరప్ పట్టికలో లేని ఆసియా కుటుంబాలు అక్కడి వాగుల్లో ఉండటమే కారణం.

రసాయన పరీక్ష నీళ్లు పట్టిన ఆ నిమిషం సంగతి చెబుతుంది. ఏడాది పాటు ఆ నీళ్లలోనే ఉన్న పురుగు ఏడాది సంగతి చెబుతుంది. ఫ్యాక్టరీ రాత్రిపూట వదిలి తెల్లారేసరికి కట్టేసిన మురుగును సీసా నీళ్లు పట్టించలేకపోవచ్చు. స్టోన్‌ఫ్లై లేకపోవడం పట్టిస్తుంది.

మరి అన్ని జాతులకూ విడివిడిగా మార్కులు ఎందుకు వేయరు? ఒకే కుటుంబంలోనూ కొన్ని జాతులు కాస్త వేడిని ఓర్చుకుంటాయి, కొన్ని అసలు ఓర్చుకోవు. జాతి స్థాయిలో మార్కులు వేయగలిగితే కొలత ఇంకా కచ్చితమయ్యేది. అక్కడే ఒక పెద్ద అడ్డంకి ఉంది. నదిని పరీక్షించేవారికి వలలో పడేవి పిల్లపురుగులు. కొత్త జాతుల వివరణలు దాదాపు అన్నీ రెక్కలొచ్చిన మగ పురుగుల మీద రాసినవి. ఎన్నో వివరణల చివర ఆడది తెలియదు, పిల్లపురుగు తెలియదు అనే మాటలుంటాయి. ఏ పిల్ల పెరిగి ఏ మగ పురుగు అవుతుందో తెలియనంతకాలం, రాయి కింద దొరికిన పిల్లకు కుటుంబం పేరు, మహా అయితే ప్రజాతి పేరు చెప్పి ఆగాల్సిందే.

ఈ జత కుదర్చడానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి డీఎన్ఏ బార్‌కోడ్. 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఒకే జన్యువులోని 658 అక్షరాల ముక్కను చదివి, పిల్లదీ పెద్దదీ కలుస్తున్నాయేమో చూస్తారు. ఇందుకోసమే ఇప్పుడు నమూనాలను 95 శాతం ఆల్కహాలులో భద్రపరుస్తున్నారు. పాత మ్యూజియం సీసాల్లోని 70 శాతం ఆల్కహాలులో డీఎన్ఏ పాడైపోతుంది. రెండో దారి పాతది, ఓపిక కావలసింది. ఆఖరి దశకు వచ్చిన పిల్లను, రెక్కల మొలకలు నల్లబడ్డాక, చల్లని పెట్టెలో వాగు నీళ్లతో సహా తెచ్చి, గాలిబుడగలు వదులుతూ పెంచుతారు. కుబుసం విడిచి పెద్ద పురుగు వచ్చాక దాని ఒళ్లు గట్టిపడే దాకా ఆగి, కుబుసాన్నీ పురుగునూ ఒకే సీసాలో వేసి ఒకే చీటీ కడతారు. చాలా పిల్లలు దారిలోనే చనిపోతాయి. కరెంటు పోతే నీళ్లు వేడెక్కి మిగిలినవీ పోతాయి. ఇంత చేసినా, మగ, ఆడ, గుడ్డు, పిల్లపురుగు నాలుగూ వివరించిన ఆసియా నియోపెర్లా జాతులు ఇంకా కొన్నే.